పాటల పుస్తకము – గ్రంథస్వామ్యము

గోదావరి సీమలో పాటల పుస్తకము లేని యిల్లు మొన్నమొన్నటి వఱకు అరుదు. పొడుగుపాటి నోటుబుక్కొకటి, దాని యట్టమీద పసుపు మరకలు, లోపల మూడు నాలుగు చేతివ్రాతలు. మొదట అత్తగారు వ్రాసికొన్న మంగళహారతు లుండును. ఆ వెనుక కోడలు చేర్చిన లాలిపాటలు, తలుపు దగ్గఱి పాటలు, అప్పగింతల పాట. నడుమ ఊర్మిళాదేవి నిద్రయు, లక్ష్మణదేవర నవ్వును. చివరి పుటలలో త్యాగరాజస్వామివారి కీర్తనలు, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గీతములు, ఒకటి రెండు సినిమా పాటలు. పేరంటమునకు బోయినచోట మంచి పాట వినబడినచో, "వదినగారూ, ఆ పాట కాస్త నెమ్మదిగా చెప్పుదురూ, వ్రాసికొందును" అని యడుగుటయు, ఆమె సంతోషముతో జెప్పుటయు మనకు వాడుకయే. ఇది దొంగతనమని యెవ్వరును తలపలేదు. తలపనక్కఱయు లేదు.

కాని యిప్పుడా పుస్తకము సెల్‌ఫోనులోనికి బోయినది. పాట నెత్తి వ్రాయుటకు మాఱుగా ఛాయాచిత్రము దీసి వాట్సాపులో నూఱుగురికి బంపుచున్నాము. నవలను కొనుటకు మాఱుగా దాని పీడీఎఫ్ ప్రతిని సంపాదించి బంధువుల సమూహమున వేయుచున్నాము. పేరంటమున బాడిన పాట సాయంకాలమునకే యూట్యూబున కెక్కుచున్నది. అప్పుడు చేసినదియు నిప్పుడు చేయునదియు నొకటే యని మనకు దోచును. చట్టము దృష్టిలో మాత్ర మవి రెండును ఒకటి కావు. ఆ భేద మెక్కడ నున్నదో తెలిసికొనుట పాడుకొనువారికంటె వ్రాసికొనువారికిని, వ్రాసి పత్రికలకు బంపువారికిని మఱింత యవసరము.

అచ్చు రాకపూర్వము పుస్తకమునకు ఎత్తి వ్రాయుటయే ప్రాణము. తాటాకు చెదలకును తేమకును లోనగునది. ఎవరో యొకరు మరల వ్రాయకున్న గ్రంథము నశించును. కావుననే మన పురాణముల ఫలశ్రుతులలో విన్నవారికిని చదివినవారికిని మాత్రమేగాక, వ్రాసి యిచ్చినవారికి గూడ పుణ్యము చెప్పబడినది. కవికి జీవనము ప్రతుల యమ్మకమువలన గాక కృతిపతివలన గలిగెడిది. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరములో నన్నయభట్టారకుడు రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెనిగించెను. దాని నెందఱెత్తి వ్రాసికొన్నను ఆయనకు నష్టము లేదు, కీర్తియే. ఇతరుని పద్యమును తనదిగా జెప్పుకొన్నవానిని మాత్రము కావ్యచోరుడని లోకము నిందించెడిది. అనగా నాడు తప్పు ప్రతి తీయుటలో లేదు, పేరు మాపుటలోనే యున్నది.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట సంగతి మాఱినది. కాగితమునకు, అచ్చుకూలికి, బైండుకు ముందుగా సొమ్ము పెట్టవలసివచ్చెను. ఒకరు సొమ్ముపెట్టి యచ్చువేయించిన పుస్తకమును మఱియొకరు రచయితకు దమ్మిడీ యీయకయే అచ్చువేసి చౌకగా నమ్మినచో మొదటివాని గతి యేమి? మన దేశమున 1847లో తొలి గ్రంథస్వామ్య చట్టము వచ్చినది. పిదప 1914లో నొకటి, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1957లో నొకటి. ఈ కడపటిదే 1958 జనవరి 21 నుండి యమలులో నున్నది. నడుమ పెక్కు సవరణలు జరిగినవి. పాత తెలుగు పుస్తకముల ముఖపత్రముపై "సర్వస్వామ్య సంకలితము" అను మాట మీరు చూచియే యుందురు. ఆ మాట వేయకున్నను హక్కు పోదు. ఏ కచ్చేరిలోను రిజిస్టరు చేయింపనక్కఱయు లేదు. వ్రాసిన వెంటనే ఆ హక్కు వ్రాసినవారికి బుట్టును.

ఇంతకు నా హక్కు దేనిమీద? కథమీదనా, మాటలమీదనా? దీనికి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమే మంచి యుదాహరణము. 1878లో వివేకవర్ధనీ పత్రికలో వెలువడిన యీ నవలకు, ఆలివర్ గోల్డ్‌స్మిత్తు 1766లో ప్రకటించిన ఇంగ్లీషు నవల యొకటి మూలమని యందఱు నెఱుగుదురు. కాని ధవళేశ్వరమును, గోదావరిని, జ్యోతిష్కులను, బైరాగులను, స్వర్ణవిద్య పిచ్చిని అందు గోల్డ్‌స్మిత్తు వ్రాయలేదు. తమాషా యేమన, ఆ తెలుగు నవలనే హచిన్సన్ అను దొర 1887లో ఇంగ్లీషులోనికి మార్చెను! ఇంగ్లీషు దేశమునుండి వచ్చిన బీజము గోదావరి యొడ్డున మొలచి, ఇక్కడి కాయలతో మరల సీమకు బోయినది. గోల్డ్‌స్మిత్తు 1774లోనే చనిపోయెను గనుక పంతులుగారిని ప్రశ్నించు హక్కు అప్పటి కెవరికిని లేదు. ఒకవేళ నుండినను ఏమగునో యోచింపదగినది.

ఈ విషయముననే 1978లో మన సర్వోన్నత న్యాయస్థానము ఆనంద్ అను నాటకకర్తకును ఒక చిత్రనిర్మాణ సంస్థకును నడచిన వ్యాజ్యెమున తీర్పు చెప్పినది. "హమ్ హిందుస్తానీ" యను నాటకమును జూచి "న్యూ ఢిల్లీ" యను చిత్రము దీసిరని ఆయన యారోపణ. భావము, ఇతివృత్తము, చరిత్రలోని సంగతి యెవరి సొమ్మును గాదు. దానిని చెప్పిన తీరు, అల్లిన మాటలు, కూర్చిన ఘట్టములు మాత్రమే రచయితవి అని తీర్పు. రెండింటిని జూచిన సామాన్య ప్రేక్షకుడు ఇది దానికి నకలేయని నిస్సందేహముగా ననుకొన్నచో నది చౌర్యము, లేకున్న కాదు. ఆ వ్యాజ్యెమున నాటకకర్త యోడిపోయెను. కావున అత్తాకోడండ్ర కలహమును గూర్చి ఒకరు కథ వ్రాసినంతమాత్రమున రెండవవారు వ్రాయరాదని లేదు. మఱి అత్తాకోడండ్రు ఎప్పటికిని ఉన్నవారే గదా!

వంటకములును నింతే. పూతరేకులు చేయు విధమును ఎవరును గ్రంథస్వామ్యముచే బంధింపజాలరు. ఆ విధమును ఒకరు తమ మాటలలో వ్రాసిన వ్యాసమును మాత్రము అక్షరాలా ఎత్తివేయరాదు. ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను, నరసాపురము అల్లిక లేసుకు 2024లోను లభించిన భౌగోళిక గుర్తింపు వేఱొక చట్టము క్రిందిది. అది పేరును గాపాడును గాని పనితనమును ఇతరులు నేర్చుకొనకుండ ఆపదు.

ఇక నాటకముల మాట. మన డెల్టాలో శ్రీరామనవమి పందిళ్లకు నాటకము లేనిదే శోభ లేని కాలమొకటి యుండెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రాజమహేంద్రవరమున యౌవనముననే రచించిన గయోపాఖ్యానమును అప్పటి విద్యార్థి టంగుటూరి ప్రకాశముగారు కూడ నాడిరి. అది లక్ష ప్రతులకు మించి యమ్ముడుపోయినదని ప్రసిద్ధి. అంత పేరు పొందిన నాటకమును రచించినవారు తుదకు చూపును పూర్తిగా గోలుపోయి, తాము చెప్పుచుండగా నితరులు వ్రాయ గ్రంథములు వెలువరించిరి. ఇట్లు చెప్పి వ్రాయించినప్పుడు గ్రంథకర్త చెప్పినవారేగాని కలము పట్టినవారు కారు. ఇంటిలో పెద్దమ్మ పాట కట్టి చెప్పగా మనుమరాలు వ్రాసినచో, ఆ పాట పెద్దమ్మదే. చూపు లేనివారి నిమిత్తము ఏ గ్రంథమునైనను బ్రెయిలీ లిపిలోనికి గాని, వినదగిన రూపములోనికి గాని లాభాపేక్ష లేక మార్చుటకు 2012 నాటి సవరణ యనుమతించినది. చిలకమర్తివారి కాలమున నిట్టి సదుపాయము లేదు.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయముల సంగతి మఱియు విచిత్రము. అందలి పద్యములు రానివారు గోదావరికి ఇరుప్రక్కల నెవరును లేరేమో! చదువురాని రైతులు గూడ పొలముగట్టున రాయబారపు పద్యములు పాడెడివారు. ఇట్టి పద్యములను పాడుకొనుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. నాటకమును రంగమున నాడుట వేఱు మాట. అది రచయిత హక్కులలో నొకటి. అయినను ఔత్సాహికులు టిక్కెట్టు పెట్టక యాడినను, దేవాలయాది మత సంస్థల సహాయార్థ మాడినను చట్టము వారి జోలికి రాదు. ఊరి పందిటిలోని నాటకము లన్నియు నా నీడలోనే నిలిచినవి.

ఆ హక్కు ఎన్నాళ్లు? రచయిత జీవితకాలము, ఆ పిమ్మట 60 ఏండ్లు. ఈ 60 మొదట 50గానే యుండెను. 1941లో రవీంద్రనాథ ఠాకూరు దివంగతుడయ్యెను గనుక 1991 కడపట ఆయన గ్రంథములపై విశ్వభారతికి గల హక్కు తీఱిపోవలసియుండగా, దానిని నిలుపగోరి ప్రభుత్వము అందఱి రచనలకును పదేండ్లు పొడిగించినది. ఒక మహాకవి పేర వచ్చిన వరము మన కవులకు గూడ దక్కినది. ఇద్దఱు కలిసి రచించినచో రెండవవారి మరణము నుండి లెక్క. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లోనే పోయినను, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950 వఱకు జీవించిరి గనుక వారి జంట రచనలపై హక్కు 2010 సంవత్సరాంతము వఱకు నిలిచినది. చిలకమర్తివారు 1946లో గతించిరి గనుక 2006తోను, అడివి బాపిరాజుగారు 1952లో గతించిరి గనుక 2012తోను, ఎంకిపాటల నండూరి సుబ్బారావుగారిది 2017తోను, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిది 2021తోను ముగిసినవి. వీరి గ్రంథముల నిప్పుడెవరైనను అచ్చువేయవచ్చును. వికీసోర్సు వంటి యంతర్జాల భాండారములలో నిట్టివి ఉచితముగా జదువవచ్చును. అందు దోషమేమియు లేదు. కృష్ణశాస్త్రిగారు 1980లో దివంగతులైరి. వారి గీతములు 2040 కడపటి వఱకు వారి వారసులవో, వారు హక్కు వ్రాసియిచ్చినవారివో.

ఇచ్చట నొక మెలకువ. పద్యము స్వేచ్ఛగా నున్నను, దానిని పాడినవారి రికార్డు స్వేచ్ఛగా నుండదు. రికార్డు ప్రకటింపబడిన నాటి నుండి దానికి వేఱుగా 60 ఏండ్లు. అన్నమాచార్యుల సంకీర్తనము ఐదు శతాబ్దములకు ముందటిదే యైనను, దానికి నేటి సంగీత విద్వాంసు డొకడు కట్టిన వరుస యాతనిదే. మనము పాడి యూట్యూబున నుంచిన పాటను ఒకొక్కప్పుడు ఏదో కంపెనీ తనదని యడ్డుకొనుటకు గారణ మిదియే.

మఱి ఊర్మిళాదేవి నిద్ర యెవరిది? స్త్రీల పాటలు కట్టినవారి పేర్లు పెక్కింటికి దెలియవు. అవి తల్లినుండి కూతురికి, వియ్యపురాలినుండి వియ్యపురాలికి నోటి మాటగా వచ్చినవి. మరణమునుండి 60 ఏండ్ల లెక్క వేయుటకు పేరు గల రచయిత కావలెను, మరణించిన సంవత్సరము కావలెను. ఈ పాటలకు రెండును లేవు. అందుచే నవి అందఱివి. ఈ సీమవారైన నేదునూరి గంగాధరముగారు ఊరూర దిరిగి, పల్లెజనుల నోటినుండి యిట్టివి వేలకొలది సేకరించి మిన్నేరు మొదలగు సంపుటములుగా బ్రకటించిరి. ఆయన శ్రమ లేకున్న నెన్నో పాట లీపాటికి మాయమైపోయి యుండెడివి. సంపుటములోని పీఠిక, వివరణము, ఎన్నిక, కూర్పు సేకర్తవి. పాట మాత్రము పాడిన యమ్మదియు గాదు, సేకర్తదియు గాదు. ఇది న్యాయమేయని నాకు దోచును. కాని యొక వెలితి లేకపోలేదు. పల్లెపదమును కొంచెము మార్చి సినిమాలో బెట్టినప్పుడు, ఆ సినిమా పాటకు హక్కు పుట్టుచున్నది. దానిని తరతరములుగా గాపాడిన స్త్రీలకు కనీసము పేరైనను దక్కుట లేదు. పాట యొక్క మూలరూపమును మాత్రము సినిమావారును మననుండి తీసికొనలేరు. అప్పగింతల పాటను మనము మన వరుసలో యథాప్రకారము పాడవచ్చును.

పెండ్లి మాట వచ్చినది గనుక జెప్పెదను. మత సంబంధమైన కర్మలలో పాట పాడుటయు, రికార్డు వేయుటయు హక్కుల యుల్లంఘనము గాదని చట్టమున 52వ విభాగము చెప్పుచున్నది. పెండ్లి యూరేగింపును, పెండ్లికి సంబంధించిన యితర వేడుకలును అందు జేరునని వివరణము గూడ గలదు. పెండ్లి మంటపములవారి వద్ద పాటలకు రుసుము వసూలు చేయుటపై ఫిర్యాదులు రాగా, 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఈ సంగతిని ప్రకటనముగా జ్ఞాపకము చేసినది. ఆ వాదములు న్యాయస్థానములకు బోవుచునే యున్నవి గాని, ఇంటి పెండ్లిలో పాడు పేరంటాండ్రకు భయము లేదు.

ఆ 52వ విభాగమే మన నోటుబుక్కునకు గూడ రక్ష. సొంత వాడుకకు, పరిశోధనకు, విమర్శకు, సమకాలిక వార్తల ప్రకటనమునకు న్యాయమైన రీతిని వాడుకొనుట తప్పు గాదని అందు గలదు. పుస్తకమును విమర్శించుచు దానిలోని కొన్ని వాక్యముల నుదాహరింపవచ్చును. విమర్శ పేర పుస్తకమంతయు దింపరాదు. ఉపాధ్యాయుడు బోధించుటకును, విద్యార్థి నేర్చుకొనుటకును ప్రతి తీయవచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయము దాపున రామేశ్వరి యను జిరాక్సు దుకాణమువారు పాఠ్యభాగములను ప్రతులు దీసి విద్యార్థుల కమ్ముచున్నారని ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి మొదలైన ప్రకాశకులు వ్యాజ్యెము వేసిరి. బోధనకు వలసినంత మేరకు ప్రతులు దీయుట చట్టసమ్మతమేయని 2016లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము చెప్పినది. 2017లో ప్రకాశకులు వ్యాజ్యెమును విరమించుకొనిరి. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము వంటి ప్రజా గ్రంథాలయములకు గూడ, దేశమున ఎక్కడను అమ్మకమునకు దొరకని పుస్తకమునకు మూడు ప్రతుల వఱకు దీయించుకొను సదుపాయ మున్నది.

కాని సొంత వాడుక యనగా సొంత వాడుకయే. ఒక నవలను నాలుగు దినములు అరువు తెచ్చి చదివి, నచ్చిన పుట నొకదానిని వ్రాసికొన్నచో నది సొంత వాడుక. దానినే పుటపుటయు ఛాయాచిత్రములు దీసి పీడీఎఫ్ చేసి, అయిదువందలమంది గల సమూహమున వేసినచో నది ప్రకటించుటయే. మనము రూపాయి తీసికొనకున్నను అంతే. అచ్చువేయువాడు వేయి ప్రతులకు నెలలు పట్టినట్లు గాక, ఈ ప్రతులు గడియలో వేలగును. తెలిసి చేసిన యుల్లంఘనమునకు ఆఱు నెలలు మొదలు మూడేండ్ల వఱకు ఖైదును, 50,000 రూపాయలు మొదలు రెండు లక్షల వఱకు జరిమానాయు చట్టమున నున్నవి. పీడీఎఫ్ పంపిన యిల్లాలిని పోలీసులు పట్టుకొనిపోవుదురని బెదరించుట నా యుద్దేశము గాదు. నష్టపోవునది ఎవరో చూడవలెనని మాత్రమే. తెలుగు నవలకు పెద్ద ప్రకాశన సంస్థ లెక్కడివి? పెక్కుమంది రచయిత్రులు తమ సొమ్ముతో కొన్ని వందల ప్రతులు వేయించుకొని, అవి యమ్ముడుపోయిన పిమ్మటనే రెండవ పుస్తకమునకు బూనుకొనువారు. ఆమె వ్రాసిన మొదటి నవల మనమందఱము ఉచితముగా జదివి మెచ్చుకొనుచుండగా, రెండవ నవల అచ్చుకాక పెట్టెలో నుండిపోవును.

మన సోదరీమణులలో వ్రాయువారు పెక్కురు గలరు. కాని తాము వ్రాసినదానిపై తమకేమి హక్కున్నదో యెఱిగినవారు కొలదిమందియే. పత్రికకు కథ పంపి, అది యచ్చయి, పారితోషికము వచ్చినంతమాత్రమున కథ పత్రికది గాదు. పత్రికలో ఉద్యోగిగా జీతము తీసికొని వ్రాసినవారి మాట వేఱు. బయటినుండి పంపినవారి రచనపై హక్కు, వారు వ్రాతమూలముగా సంతకము చేసి యితరులకు ఇచ్చిన గాని, వారిదే. నోటిమాటపై హక్కు మాఱదు. సంతకము చేసిన పత్రమున కాలము చెప్పనిచో అయిదేండ్లకే చెల్లును. ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకు మాత్రమే చెల్లును. పుచ్చుకొన్నవారు ఒక యేడాదిలోగా ఆ హక్కును వినియోగింపకున్న, పత్రమున వేఱు మాట లేనిచో, అది తిరిగి రచయిత్రికే వచ్చును. అనువాదము, నాటకము, చలనచిత్రము, శ్రవ్యపుస్తకము ఇవి వేర్వేఱు హక్కులు. "సర్వహక్కులు శాశ్వతముగా" అను మాట కనబడినచోట కలము ఆపి, ఇంటిలో ప్లీడరుండిన నాతనిని, లేకున్న చదువుకొన్న తమ్ముని యడిగి మఱి సంతకము చేయుట మంచిది.

అమ్మినను అమ్ముడుపోని హక్కొకటి యున్నది. మన్నూ భండారీ యను హిందీ రచయిత్రి తన నవలను చలనచిత్రమునకు హక్కిచ్చి, పిదప ఆ చిత్రమున తన కథ వికృతము చేయబడినదని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున కెక్కెను. హక్కు కొన్నవారైనను రచయిత్రి గౌరవమునకు భంగము కలుగునట్లు కథను మార్చరాదని 1986లో న్యాయస్థానము చెప్పినది. తన రచన తనదని చెప్పుకొనుట, దానిని చెడగొట్టకుండ నడ్డుకొనుట ఈ రెండును డబ్బుతో మాఱవు. రచయిత్రి పిమ్మట వారసులు గూడ నడుగవచ్చును. వాట్సాపున దిరుగు కథలలో సగము పేరు లేనివే వచ్చుచుండుట చూచితిరా? పేరు తీసివేసి పంపువారు తఱచుగా దురుద్దేశముతో జేయరు, బద్ధకముతో జేయుదురు. అయినను అది యా రచయిత్రి హక్కును హరించుటయే.

అచ్చుకాని రచనల విషయమై కడపట నొక మాట. పాటలు కట్టి పుస్తకమున వ్రాసికొని యెవరికిని జూపక గతించిన తల్లులు మన యిండ్లలో నెందఱో కలరు. అట్టి వ్రాతప్రతిని తల్లి తన మరణశాసనమున కూతురికి వ్రాసియిచ్చినచో, వేఱు మాట లేకున్న, దానిపై గ్రంథస్వామ్యము గూడ ఆ కూతురికే సంక్రమించును. ఆ పాటలు తరువాత ఎప్పుడు తొలిసారి యచ్చైనను, 60 ఏండ్ల లెక్క తల్లి పోయిన నాటినుండి గాక, అచ్చైన మఱుచటి సంవత్సరము మొదటినుండి మొదలగును.